మే నెల కొలత

కేంద్ర జలశక్తి శాఖ 2023లో నీటి వనరుల తొలి గణన నివేదిక విడుదల చేసింది. దేశం మొత్తం మీద 24,24,540 అని తేల్చింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 1.90 లక్షల పైచిలుకు, తెలంగాణవి 64 వేలు. పత్రికలు ఆ అంకెల్ని బాగానే వేశాయి. ఏ రాష్ట్రం ముందుందో, ఎన్ని చెరువులు ఆక్రమణల్లో ఉన్నాయో రాశాయి. నిర్వచనాల దగ్గర ఉన్న ఒక షరతు మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. నదులు, వాగులు, ఊటలు, జలపాతాలు, కాలువలు వంటి, గట్ల మధ్య నిలవని పారే నీళ్లేవీ ఈ లెక్కలోకి రావు.

చెరువుల గణనకు అది సబబైన నిర్వచనమే. దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అడవిలో నీరు చెరువు రూపంలో ఉండేది తక్కువ. ఊటగా పుడుతుంది, గెడ్డగా దిగుతుంది, కింద వాగులో కలుస్తుంది. అంటే అడవిలో ఉన్న నీటిలో అసలు భాగం ఆ నివేదిక గుమ్మం బయటే ఆగిపోయింది.

సరే, భూగర్భ జలాల లెక్కలో దొరుకుతుందేమో చూద్దాం. దేశంలో ఏటా చేసే భూగర్భ జలాల మదింపుకు ఒక పద్ధతి ఉంది. వాలు 20 శాతం మించిన కొండ ప్రాంతాన్ని ముందే గుర్తించి పక్కన పెట్టాలని, మిగిలిన నేలకే రీఛార్జి లెక్కగట్టాలని అది చెబుతుంది. 2012లో మొదలైన ఆక్విఫర్ మ్యాపింగ్, అంటే భూమి లోపలి నీటిపొరల పటాలు గీసే జాతీయ కార్యక్రమం, దాదాపు 33 లక్షల చదరపు కిలోమీటర్ల దేశంలో సుమారు 25 లక్షలనే పటం గీయదగినవిగా తీసుకుంది. ఎక్కడ బోర్లున్నాయో, ఎక్కడ తోడకం ఉందో అక్కడ ముందుగా లెక్క తేల్చాలనుకోవడం న్యాయమే. ఈ రెండు జల్లెళ్ల నుంచీ జారిపోయేది ఒక్కటే: నిటారు కొండలు. మన దగ్గర నిటారు కొండలంటే చాలా వరకు అటవీ భూములే.

ఇక మిగిలింది అటవీ శాఖ పుస్తకం. ప్రతి డివిజన్‌కు పదేళ్లకోసారి వర్కింగ్ ప్లాన్ రాస్తారు. కంపార్ట్‌మెంట్ల వారీగా చెట్ల చుట్టుకొలత, సాంద్రత, పునరుత్పత్తి, కలప పరిమాణం అన్నీ అందులో ఉంటాయి. 2014 నాటి జాతీయ వర్కింగ్ ప్లాన్ కోడ్ నీటి గురించి కూడా అడిగింది: ఎంపిక చేసిన వాగుల్లో నీరు ఎన్నాళ్లు పారుతోంది, అడవికి 5 కిలోమీటర్ల లోపున్న బావుల్లో నీటిమట్టం ఎంత, అని. అడగవలసిన ప్రశ్నలే అడిగింది. అయితే పదేళ్లకోసారి రాసే పుస్తకంలో గడి ఉంటే చాలదు. ఆ గడిలోకి ఏటా ఒక అంకె వచ్చి చేరాలి, అదీ ఒకే ఊట నుంచి, ఒకే నెలలో, ఒకే పద్ధతిలో. చెట్టు పదేళ్లలో ఎంత పెరిగిందో పదో ఏట కొలిచినా తెలుస్తుంది. ఊట అలా కాదు. కొలవని వేసవి ఇక ఎప్పటికీ తెలియని వేసవే.

ఆంధ్రప్రదేశ్‌లో అటవీ భూమిగా రికార్డుల్లో ఉన్నది 37 వేల చదరపు కిలోమీటర్ల పైన, తెలంగాణలో 27 వేల పైన. ఇంత నేల మీద పుట్టే నీటికి చెట్లకున్నపాటి రిజిస్టరు లేదు. నా ఆందోళన ఇంతే. వినడానికి గుమస్తా గోలలా ఉంటుందని తెలుసు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

పాడేరు ఏజెన్సీని తీసుకోండి. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, సప్పర్ల, జెర్రెల, గూడెం కొండల నెత్తిన బాక్సైట్ ఉంది. లక్షల ఏళ్ల వానకు ఖొండలైట్ రాయి కుళ్లి, కరిగేవన్నీ కరిగిపోగా మిగిలిన టోపీ అది. ఆ టోపీ నిండా చిల్లులు, పగుళ్లు. వాన నీరు గబగబా లోపలికి దిగిపోతుంది. దాని కింద సగం కుళ్లిన రాయి, తెల్లటి మెత్తటి సుద్దమట్టి పొర ఉంటుంది. నీరు దాన్ని దాటి తేలిగ్గా దిగలేదు. పక్కకు జరిగి, కొండ వాలు ఎక్కడ ఆ పొరను కోస్తుందో అక్కడ బయటికొస్తుంది. అందుకే ఈ కొండల చుట్టూ ఊటలు ఇంచుమించు ఒకే ఎత్తులో వరసగా కనిపిస్తాయి. వాటికి దిగువనే ఊళ్లున్నాయి. వానాకాలంలో లోపలికి దిగిన నీటిని కొండ చలికాలమంతా, ఎండాకాలమంతా కొద్దికొద్దిగా వదులుతుంది.

ఆ వదిలిన నీళ్లు ఊళ్ల దగ్గరే ఆగిపోవు. గోస్తనీ అనంతగిరి కొండల నుంచి దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది. శారద మీద రైవాడ ఉంది. విశాఖపట్నం తాగునీటిలో ఈ రెంటికీ వాటా ఉంది. జలాశయాల్లో మట్టం ఎంతో రోజూ చెప్పే యంత్రాంగం మనకుంది. వానలు వెనకబడ్డ నెలల్లో ఆ జలాశయాల్లోకి సన్నగా వచ్చి చేరే ధార ఎక్కడ పుడుతోందో, ఏ కొండది ఎంత వాటానో చెప్పే రికార్డు లేదు.

ఊటను కొలవడం పెద్ద విద్యేమీ కాదు. ధార మొత్తం ఒకే చోట పడేలా చూడాలి. చుట్టూ కారిపోతున్న చోట బంకమట్టి మెత్తి, చీల్చిన వెదురు బద్దో పీవీసీ పైపు ముక్కో పెట్టి, కింద పది లీటర్ల బకెట్ ఉంచాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాలి. మూడుసార్లు పట్టి సగటు తీయాలి. తెల్లవారుజామున, బిందెలు రాకముందే వెళ్లడం మేలు. బిందెల కోసమే కాదు. మధ్యాహ్నం చెట్లు వేళ్లతో నీరు లాగుతున్నప్పుడు కొన్ని ఊటల ధార కొద్దిగా తగ్గుతుంది, ఆ తేడా కొలతలో దొర్లకూడదు. పెద్ద గెడ్డకైతే వి ఆకారంలో గంటు కోసిన వి-నాచ్ పలక అడ్డం పెడతాం. తొంభై డిగ్రీల నాచ్‌లో 5 సెంటీమీటర్ల నీరు ఎక్కితే సెకనుకు ముప్పావు లీటరు కాస్త పైన. 10 సెంటీమీటర్లు ఎక్కితే దాదాపు నాలుగున్నర లీటర్లు. ఎత్తు రెట్టింపయితే నీరు ఐదున్నర రెట్లు దాటుతుందన్నమాట. 5 సెంటీమీటర్ల దగ్గర అర సెంటీమీటరు తప్పు చదివితే లెక్క దాదాపు పాతిక శాతం తేడా వస్తుంది. మనిషి పద్ధతిగా నేర్చుకోవాల్సింది ఇక్కడే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నవంబరులో పది లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండింది అనుకోండి. నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600. కింద ఊళ్లో రెండు వందల మంది. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి 55 లీటర్లు, అంటే రోజుకు 11,000. అవసరానికి రెట్టింపు ఉందని గ్రావిటీ పథకం గీసి, సిమెంటు తొట్టి కట్టి, పైపులు వేసి, కొళాయిలు బిగిస్తారు. మేలో అదే బకెట్ నిండడానికి 200 సెకన్లు పడితే? నిమిషానికి 3 లీటర్లు. రోజుకు 4,320. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ డబ్బు తినలేదు. నవంబరు కొలతను ఏడాది కొలతగా తీసుకున్నారు, అంతే. ఎండిన కొళాయిల ముందు నిలబడి నిర్వహణ లోపం అని రాసే తనిఖీ నివేదికల్లో సగానికైనా అసలు కారణం ఇదేనేమోనని నా అనుమానం.

అంకెలు లేని చోట ఆడవాళ్ల జ్ఞాపకం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చింతపల్లి వైపు ఒక ఊట దగ్గర ఓ పెద్దావిణ్ణి అడిగాను, "ధార ఎప్పుడు సన్నబడుతుందమ్మా?" అని. ఆమె నెలల పేర్లు చెప్పలేదు. "ఇటుకల పండక్కి ఇదివరకు బిందె పెట్టి తల తిప్పేసరికి నిండేది బాబూ. ఇప్పుడు పెట్టి, పుల్లలేరుకొచ్చినా మెడదాకా రాదు" అంది. ఇటుకల పండగ చైత్రంలో. కాలం, కొలపాత్ర, మార్పు మూడూ చెప్పింది. కానీ ఆ మాటను ఏ ఫైల్లో పెట్టాలి? రేపు ఆ కొండ మీద ఏదన్నా పని జరిగి ధార ఇంకా తగ్గితే, "ముందు ఎంత ఉండేదో ఆధారం చూపండి" అని అడిగే అధికారి ఎదట ఆ మాట నిలబడుతుందా?

పని అన్నాను. ఏజెన్సీలో పనులకు కొదవ లేదు. బాక్సైట్ కోసం చింతపల్లి అటవీ ప్రాంతంలో 1,212 హెక్టార్లను మళ్లిస్తూ 2015 నవంబరులో ఇచ్చిన జీవో 97 ఎంత గొడవ రేపిందో చాలామందికి గుర్తుంటుంది. 2019లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు పంప్డ్ స్టోరేజి వంతు. ఎర్రవరం దగ్గర ఒకటి, పెదకోట దగ్గర ఒకటి ప్రతిపాదనల్లో ఉన్నాయి. కొండ మీద ఒక జలాశయం, కింద ఒకటి, మధ్యలో రాయి తొలిచి సొరంగాలు. సొరంగం నీటిపొరను కోసుకుంటూ పోతే పైనున్న ఊటల నీరు సొరంగంలోకి దారి పడుతుంది. ఇది ప్రపంచమంతా సొరంగాలు తవ్వినవారికి తెలిసిన సంగతే. ఈ ప్రాజెక్టులు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఏది నిర్ణయించినా ముందు అక్కడి నీరెంతో తెలిసి నిర్ణయించాలన్నదే నా మాట.

తెలుసుకునేందుకు మన నిబంధనలు ఇచ్చిన అవకాశం ఎంతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గని తవ్వకాల పర్యావరణ ప్రభావ మదింపుకు కేంద్రం ఇచ్చే ప్రామాణిక షరతుల్లో ప్రాథమిక సమాచారం ఒక సీజన్‌ది చాలు. ఆ సీజన్ వానాకాలం కాకూడదు: మార్చి నుంచి మే, అక్టోబరు నుంచి డిసెంబరు, లేదా డిసెంబరు నుంచి ఫిబ్రవరి. గాలిలో దుమ్ము కొలవడానికి ఈ ఏర్పాటు బాగానే ఉండొచ్చు. ఊటకు మాత్రం అక్టోబరు–డిసెంబరు అంటే సంవత్సరం మొత్తంలో నిండుగా ఉండే రోజులు. కన్సల్టెంటు నిజాయితీగానే కొలిచి, నిజాయితీగానే "నీటి లభ్యత సమృద్ధి" అని రాయొచ్చు. నిబంధన అతన్ని మేలో రమ్మనలేదు.

అటవీ భూమి మళ్లింపుకు కట్టించే నికర ప్రస్తుత విలువ, ఎన్‌పీవీ, కూడా అంతే. 2022 సవరణ తర్వాత హెక్టారుకు సుమారు తొమ్మిదిన్నర లక్షల నుంచి పదహారు లక్షల రూపాయల దాకా. అడవి ఏ తరగతి, పందిరి ఎంత దట్టం అన్న రెండిటిని బట్టి రేటు మారుతుంది. ఆ హెక్టారులో ఊట ఉందా, దాని మీద ఎన్ని గడపలు బతుకుతున్నాయి అన్నదాన్ని బట్టి మారదు. పలచటి పందిరి కింద నిండు ఊట ఉండొచ్చు. దట్టమైన అడవి కింద చుక్క లేకపోవచ్చు.

ఈ చివరి మాట చాలామందికి మింగుడు పడదు. చెట్టుంటే నీరుంటుందని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. చాలా చోట్ల నిజమే. కానీ కొలిచిన చోట కథ చిక్కుగా ఉంటుంది. నీలగిరుల్లో గ్లెన్‌మోర్గాన్ దగ్గర పక్కపక్కనున్న రెండు చిన్న పరీవాహకాల్ని ఉదకమండలం మృత్తికా జల సంరక్షణ కేంద్రం 1968 నుంచి కొలిచింది. కొన్నేళ్లు రెండిటినీ ఉన్నవి ఉన్నట్టు కొలిచి, 1972లో ఒకదానిలో సగానికి పైగా నేలలో బ్లూగమ్ అనే నీలగిరి జాతి చెట్లు నాటింది. తొలి విడత పదేళ్లలో ఆ వాగు నీరు సుమారు 16 శాతం తగ్గింది. కొట్టేశాక మోళ్ల నుంచి మళ్లీ లేచిన రెండో విడతలో ఇంకా ఎక్కువ తగ్గింది. అడవి మళ్లింపుకు పరిహారంగా కట్టించే కాంపా నిధులతో ఊట పైన ఏ చెట్టు నాటుతున్నామన్నది మొక్కల సంఖ్య చూసి తేల్చే విషయం కాదని ఆ రెండు వాగులు చెబుతాయి.

అమెరికాలో ఇలాంటి పని ఇంకా ముందు జరిగింది. అక్కడి జాతీయ అడవుల్ని ఎందుకు ఏర్పాటు చేస్తున్నారో చెప్పిన 1897 చట్టం కలపతో పాటు నీటి ప్రవాహాలనూ కారణంగా రాసింది. అడవి కొడితే వాగు ఏమవుతుందన్న వాదం తేల్చడానికి కొలరాడోలో వాగన్ వీల్ గ్యాప్ దగ్గర 1910లో రెండు పరీవాహకాలు ఎంచుకున్నారు. సుమారు ఎనిమిదేళ్లు ఏ చెట్టూ ముట్టకుండా రెండిటి నీటినీ కొలిచారు. 1919లో ఒకదాన్ని నరికారు. 1926 దాకా మళ్లీ కొలిచారు. నీరు కొంత పెరిగిందన్న ఫలితం కన్నా నన్ను ఆకట్టుకునేది ఆ మొదటి ఎనిమిదేళ్లు. గొడ్డలి పట్టుకుని ఎనిమిదేళ్లు ఆగారు.

అదే దేశంలో ఆగని చోట ఏమైందో కూడా చెప్పాలి. దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో జాతీయ అడవిలోని స్ట్రాబెరీ క్రీక్ ఊటల నుంచి ఒక బాటిల్ నీళ్ల కంపెనీ పైపు వేసుకుంది. పైపుకు ఇచ్చిన అనుమతి గడువు 1988లో తీరిపోయింది. పైపు మాత్రం దశాబ్దాలు పారుతూనే ఉంది. 2015లో ఒక స్థానిక పత్రిక బయటపెట్టాక కదలిక వచ్చింది. నీరు తీయడం ఆపమని రాష్ట్ర జలమండలి ఆదేశించేసరికి 2023. అటవీ శాఖ కొత్త అనుమతి నిరాకరించేసరికి 2024. ఇంత వ్యవస్థ ఉన్న చోటే అన్నేళ్లు పట్టింది.

అక్కడి అటవీ శాఖ 2012లో ఊటలు, తేమ నేలల జాబితాకు రెండు అంచెల చేతిపుస్తకాలు తెచ్చింది. మొదటి అంచె: ఒకరిద్దరు సిబ్బంది వెళ్లి కొన్ని గంటల్లో చూసి, కొలిచి, ఫొటో తీసి రాసుకురావడం. రెండోది నిపుణులు లోతుగా చూడటం. ఈ విభజనే మనకూ పనికొస్తుంది. కాగితం మీద మొదలుపెట్టాలి. టోపోషీటు మీద ఎత్తు రేఖలు, భూగర్భ సర్వే పటం మీద రాళ్ల హద్దులు, అటవీ పటం మీద కంపార్ట్‌మెంట్లు మూడూ ఒకదానిపై ఒకటి పరిస్తే ఊటలు ఎక్కడ ఉండొచ్చో ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత వెంట బీట్ ఆఫీసరు, ఊరివాళ్లలో ఇద్దరు నడవాలి. ఉన్న ఊటతో పాటు చచ్చిపోయిన ఊటను కూడా రాయాలి. ఎక్కడ ఏది పోయిందో తెలియకపోతే ఎందుకు పోయిందో వెతకలేం. వాటిలో పదింట ఒకటి ఎంచి నెలనెలా కొలవాలి. కొండ నెత్తిన వానమాపకం ఒకటి పెట్టాలి. మండల కేంద్రంలో పడ్డ వానను కొండ మీద పడ్డ వానగా రాసుకునే అలవాటు ఎన్నో లెక్కల్ని పాడుచేస్తోంది.

పరిశోధన ఆ తర్వాతి పని. ఊట తూర్పు వాలున బయటపడినా దాని నీరు పడమటి వాలున దిగుతూ ఉండొచ్చు. పొరలు ఎటు వాలి ఉన్నాయన్నదే తేలుస్తుంది. అది చూడకుండా ఊట నెత్తినే కందకాలు తవ్వేసి ఉపాధి హామీ మస్టర్లు మూసేస్తే, ఆ నీరంతా ఇంకో ఊరి ఊటకు పోవచ్చు, ఎవరికీ దక్కకపోవచ్చు కూడా. సిక్కిం 2008లో ఊటల్ని బతికించే ధారా వికాస్ పథకం మొదలుపెట్టి నేర్చుకున్నది ఇదే. అక్కడ ముందు ఊటల్ని పటానికెక్కించి, రాయి వాలు చూసి, ఆ తర్వాత పారకు పనిచెప్పారు.

నల్లమలలో రాళ్లు వేరు, సమస్య అదే. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో వేసవికి జంతువులు నీళ్లు తాగే సాసర్ పిట్లు నింపడానికి ట్యాంకర్లు తిరుగుతాయి, సోలార్ పంపులు నడుస్తాయి. జంతువులకు నీళ్లు దొరుకుతున్నాయి, సంతోషం. ట్యాంకరు ఎన్ని ట్రిప్పులు వేసిందో బిల్లులో ఉంటుంది. ఆ ట్రిప్పు దేనికి బదులుగా వేయాల్సివచ్చిందో, పక్కనున్న చెలమ ఏ వారం ఎండిందో బిల్లులో ఉండదు. ఒక గడి కలిపితే ఆ బిల్లులే పదేళ్ల జల చరిత్ర అయ్యేవి.

ఊటలను కూడా గణించాలని కేంద్రం ఇప్పుడు ఏడో చిన్ననీటి పారుదల గణనతో పాటు తలపెట్టింది. మంచి మొదలు. అయితే గణన ఒక రోజు చూసి రాసేది. ఆ జాబితా అటవీ డివిజన్ చేతికి అంది, ఏటా మేలో మళ్లీ అదే బకెట్ పెడితేనే అది రిజిస్టరు అవుతుంది. ఎవరు పెడతారన్న ప్రశ్నకు చట్టంలో జవాబుంది. అటవీ హక్కుల చట్టం, 2006లోని 5వ సెక్షను పరీవాహకాలను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఆ సభ తీర్మానంతో రాసిన ఊట పుస్తకాన్ని కలెక్టరేటు, అటవీ శాఖ తమ రికార్డుగా ఒప్పుకుంటే సరిపోతుంది. అప్పుడు ఇటుకల పండగ మాటకు పక్కన ఒక అంకె, ఒక తేదీ, ఒక సంతకం ఉంటాయి.

అటవీ భూమి మళ్లింపు దరఖాస్తుతో పాటు ఆ కొండ ఊటలవి కనీసం రెండు మే నెలల కొలతలు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వమే షరతు పెట్టుకోవచ్చు. వర్కింగ్ ప్లాన్ తిరగరాతకు వచ్చిన డివిజన్‌తో మొదలుపెడితే ఖర్చు కూడా కొత్తగా వెతకక్కర్లేదు. చలికాలంలో పటాల పని, ఏప్రిల్‌లోగా జాబితా, మేలో తొలి కొలత. జూన్‌లో రుతుపవనాలు దిగాక ఆ ఏటి అంకె ఇక దొరకదు, పై ఏడాది మేదాకా ఆగాల్సిందే.